తెర వెనుక గజముడి

తామ్రదుర్గం కోటలో అడుగుపెట్టడానికి మూడే దారులని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. రాజబంధువై పుట్టాలి, లేదా సంకెళ్ళతో బందీగా రావాలి, ఆ రెండూ కాకపోతే పన్నెండేళ్ళకోసారి కోటలో దిగే సూరమ్మ డేరాతో రావాలి. మణిశృంగ రాకుమారుడు జయంధరుడికి మొదటి దారి పుట్టుకతోనే మూసుకుపోయింది. రెండో దారిన అతని చెల్లెలు కువలయ నాలుగు నెలల క్రితమే వెళ్ళింది. అందుకని అతను కిరీటాన్ని గడ్డివాములో దాచేసి, ఒంటికి ఆముదమూ మసీ పూసుకుని, కొండడని పేరు పెట్టుకుని, ఆ డేరాలో తాళ్ళు లాగే పనికి కుదిరాడు. కుదిరి మూడు నెలలైంది.

ఎదురుచూసిన రోజు రానే వచ్చింది. ఆ రోజు పొద్దు గుంకే వేళకు మాంత్రికుడు ఘూకనేత్రుడు కువలయ చేత విస్మృతి రసం తాగిస్తాడు. ఒక్క గుక్క గొంతు దిగితే చాలు, ఆ పిల్లకు అన్న ఉండడు, అమ్మానాన్నలు ఉండరు, మణిశృంగమే ఉండదు. తన పేరు తనకే తెలియని ఆ పిల్లను తామ్రదుర్గం రాజుకు కట్టబెట్టి, ఆ వంకన మణిశృంగాన్ని మింగెయ్యాలని మాంత్రికుడి ఎత్తు. సూర్యుడేమో అప్పటికే నడినెత్తి దాటి పడమటికి జారుతున్నాడు.

ఇక డేరా వైభవం చెబుతాను, వినండి. కోట లోపలి కవాతు మైదానంలో, పదహారు పట్టెల గుడ్డతో, పట్టెకొక రంగుతో, శిఖరాన ఇత్తడి నెమలితో అది వెలిసింది. ద్వారానికి ఇరుపక్కలా బంగారు పూత సింహాలు. గాలి వీచినప్పుడల్లా గలగలమనే వెయ్యిన్నొక్క గవ్వల తోరణాలు. లోపలికి వెళితే అత్తరు పరిమళం, మద్దెల మోత, రత్నకంబళ్ళ మీద మెత్తలు. ఆకాశంలో నడిచే కన్యలు, కత్తుల మీద నిద్రపోయే మల్లులు, అన్నిటినీ మించి చూస్తూ చూస్తూ ఉండగానే మనిషిని మాయం చేసే మేఘమాల పల్లకీ! చూసినవాళ్ళు ఏడాదిపాటు అదే ముచ్చట చెప్పుకునేవారు.

చెప్పుకుని ఎవరిని మెచ్చుకునేవారనుకున్నారు? వీరప్పను. పట్టు తలపాగా చుట్టి, వేదిక మీద నిలబడి మీసం మెలేసే సూత్రధారి వీరప్పను. మెచ్చుకోనివ్వండి, మంచి గొంతున్న మనిషి, కాదనను. కాని నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆకాశంలో నడిచే కన్యను నోరు తెరుచుకుని చూసిన వేలాది జనంలో ఒక్కడైనా, ఆ కన్య కాలికింది సన్నతాడును బిగించి పట్టిన చెయ్యి ఎవరిదని అడిగాడా? అడగడు. అడగకూడదనే కదా అంత పెద్ద తెర కట్టింది!

ఆ తెర వెనక్కి రండి. ఇక్కడ అత్తరు లేదు. ఆముదం, తడిగోనె, మనుషుల చెమట, అంతే. ఇరవైరెండు మంది పనివాళ్ళున్నారు గాని చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఇక్కడ మాట్లాడితే ముందున్న జనానికి వినబడుతుంది. అందుకని ప్రతి పనివాడి మణికట్టుకూ ఒక సన్నని నులకతాడు కట్టి ఉంటుంది. మాటలన్నీ దాని మీదే నడుస్తాయి. ఒక్క లాగుడంటే ‘సిద్ధంగా ఉండు’. రెండు లాగుళ్ళంటే ‘లాగు’. మూడంటే ‘వదిలెయ్’. సంజ్ఞ అందాక ఎందుకని అడిగే ఆచారం ఆ డేరాలో లేదు. ముందు పాటించాలి, ప్రాణం మిగిలితే తరువాత అడగాలి.

రెండో ఆచారం ఇంకా గట్టిది. కట్టినవాడే విప్పాలి. డేరాలో ఎవరి ముడి వారిదే. చీకట్లో తడిమినా అది ఎవరి ముడో చెప్పగలరు. ఒకరి ముడి మీద ఇంకొకరు చెయ్యి వేయడమంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టినట్టే.

ఈ రెండు ఆచారాలనూ ముప్ఫయ్యేళ్ళుగా కాపాడుతున్న మనిషి సూరమ్మ. అరవై దాటిన బక్కపలచని ముసలామె. డేరా ఆమె పేరుమీదే ఉంది గాని, ఆమె వేదిక ఎక్కినది ఏనాడూ లేదు. ‘తాళ్ళ పెద్ద’ అంటారు ఆమెను, ఆ నులకతాళ్ళన్నిటి రెండో కొస ఉండేది ఆమె దగ్గరే. మొదటిరోజు జయంధరుడు కండలన్నీ చూపించి ఒక మోకు లాగబోతే, అది అతన్నే పైకి లాగేసి గిలకకు వేలాడదీసింది. మోకంటే మణికట్టంత లావు తాడు, ఏనుగులను కట్టేది. అప్పుడు సూరమ్మ నింపాదిగా వచ్చి, ఆ మోకును మేకు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసను బొటనవేలితో నొక్కిపట్టింది. ఆగిపోయింది మోకు.

“బరువుతో కుస్తీ పట్టకురా కొండా. మేకుతో చెప్పుకో, అది మోస్తుంది” అంది ఆమె. ఏడుగురు గురువుల దగ్గర ఆయుధవిద్యలు నేర్చిన రాకుమారుడు ఆ రోజే మనసులో ఆమెను ఎనిమిదో గురువుగా చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

డేరా కప్పంతా రెండు మోకుల మీద ఆధారపడి ఉంది. నడిమి స్తంభం కొసనున్న గిలకల మీదుగా దిగి వచ్చి, తెర వెనుక కుడివైపు మేకుకు ఒకటి, ఎడమవైపు మేకుకు ఒకటి కట్టి ఉంటాయి. ఎడమ మోకు సూరమ్మది. కుడి మోకు కొండడిది. ముందురోజు డేరా లేపుతుండగా ఒక్కసారిగా సుడిగాలి లేచింది. కప్పు గాలికి ఉబ్బి, కుడి మోకు చేతిలోంచి జారిపోతుంటే, జయంధరుడు కంగారులో తన చేతికి చిన్నప్పటినుంచీ అలవాటైన ముడి వేసేశాడు. డేరా నిలిచింది. గాలి తగ్గింది. అందరూ భుజం తట్టారు. సూరమ్మ మాత్రం ఆ ముడిని ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది.

అతను వేసినది గజముడి. మణిశృంగ గజశాలలో పట్టపుటేనుగుల కాళ్ళకు వేసే ముడి అది. ఆ ముడి వేయడం నేర్వడానికి మావటివాళ్ళకు ఆరునెలలు పడుతుంది. రాకుమారులకు ఇంకాస్త ఎక్కువే పడుతుందని మావటివాళ్ళు నవ్వుకునేవారు.

మైదానంలో కొమ్ముబూరలు మోగాయి. రాజపరివారం వచ్చి మెత్తల మీద కూర్చుంది, వెనుక నాలుగు వందలమంది భటులు నిలబడ్డారు. తెరలోని చిరుగులోంచి జయంధరుడు చూశాడు. నల్లటి అంగరఖాతో, ఎండిన వేపకొమ్మలా నిటారుగా కూర్చున్నవాడు ఘూకనేత్రుడు. అతని పక్కన, కళ్ళు దించుకుని, పాలిపోయిన ముఖంతో కువలయ. జయంధరుడు చిరుగుకు మరింత దగ్గరగా జరిగాడు. ‘ఎంత చిక్కిపోయావే!’ అనుకున్నాడు.

ఘూకనేత్రుడి వేలికి గుడ్లగూబ కన్ను పొదిగిన ఉంగరం ఉంది. కూతవేటు దూరంలో ఎవరు మంత్రం పలికినా, రవంత మాయ చేసినా ఆ కన్ను నిప్పులా ఎర్రబడుతుంది. ఆ ఉంగరం వల్లనే, కువలయను విడిపించడానికి అంతకుముందు వెళ్ళిన ముగ్గురు మంత్రవేత్తలు ముగ్గురూ కోటగోడల మీద రాతిబొమ్మలైపోయారు.

ఆకాశకన్యలు నడిచారు. జనం అబ్బో అన్నారు. ఘూకనేత్రుడు ఉంగరం చూసుకున్నాడు. బూడిదరంగు. మల్లులు కత్తుల మీద పడుకున్నారు. మళ్ళీ చూసుకున్నాడు. బూడిదరంగే. మాంత్రికుడి కనుబొమలు ముడిపడ్డాయి. మాయ కళ్ళెదుట జరుగుతోంది, ఉంగరం నిద్రపోతోంది! పాపం, ఆయనగారి ఉంగరం మంత్రాన్ని పసిగడుతుంది గాని చెమటను పసిగట్టదు.

“కంటకా, ఆ తెర వెనుక ఏమున్నదో చూసి రా” అన్నాడు ఘూకనేత్రుడు.

దళపతి కంటకుడు ఆరడుగుల మనిషి. కత్తి దూసి, నలుగురు భటులతో తెర వెనక్కి వచ్చాడు. ఇసుకమూటలు పొడిచి చూశాడు, గిలకలు తిప్పి చూశాడు, నీళ్ళకాగుల్లో తొంగి చూశాడు. ఏమీ లేదని వెనుదిరగబోతూ కుడివైపు మేకు దగ్గర టక్కున ఆగిపోయాడు. అతని ముఖం నల్లబడింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు రుద్దుకోసాగాడు.

“ఈ ముడి...” అన్నాడు కంటకుడు గొంతు కీచుమనగా. “ఆరేళ్ళ క్రితం మణిశృంగంవాళ్ళు నన్ను పట్టుకుని ఈ ముడితోనే కట్టేశారు. మూడు రోజులు పళ్ళతో కొరికినా ఊడలేదు. ఎవడురా దీన్ని వేసింది?”

ఇరవైరెండు మందికీ అది కొండడి ముడేనని తెలుసు. ఒక్క కన్ను కూడా అతనివైపు తిరగలేదు. వాళ్ళ ఆ నిబ్బరం చూసి జయంధరుడికి కళ్ళు చెమర్చాయి.

కంటకుడు వికృతంగా నవ్వాడు. “మీ డేరా కట్టుబాటు నాకూ తెలుసు. కట్టినవాడే విప్పాలి, అంతేగా? రండి, ఒక్కొక్కడూ వచ్చి విప్పండి. విప్పినవాడు మణిశృంగం గూఢచారి. ఎవడూ విప్పకపోతే మోకు నరికేస్తాను. మీ డేరా, మీ ఆట, అన్నీ ఇక్కడితో సరి!”

మోకు తెగితే పల్లకీ లేవదు. పల్లకీ లేవకపోతే కువలయ ఆ కోట దాటదు. విప్పితే తన తల తెగుతుంది. జయంధరుడు ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా ముందుకు అడుగేశాడు. కాని అతని మణికట్టు మీది నులకతాడు చురుక్కున ఒక్కసారి లాగింది. సిద్ధంగా ఉండు! అంతే, అతని కాలు ఆగిపోయింది.

“ఓర్నాయనో, దీనికింత రచ్చ ఎందుకు దొరా?” అంటూ సూరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ వచ్చింది. “ఆ ముడి ఏసింది నేనే.”

“నువ్వా?” అన్నాడు కంటకుడు.

“ఏం, ముసలిదాన్ని ముడెయ్యలేననుకున్నారా? ఏనుగులున్న ప్రతి ఊళ్ళోనూ మా డేరా దిగింది. మావటోళ్ళ ముడులు నేను నేర్వకపోతే మీరు నేరుస్తారా?”

ఆమె మేకు ముందు గొంతుక్కూర్చుంది. ఆ ముడి ఆమె వేయలేదు. ఒక్కసారి, ఒక్క క్షణం చూసిందంతే. ఆరునెలల విద్య అది! సూరమ్మ కళ్ళు మూసుకుంది. వంకర్లు తిరిగిన వేళ్ళతో ముడిని పైనుంచి కిందికి తడిమింది. మూడో మెలిక దగ్గర ఆగింది. అక్కడ బొటనవేలితో లోపలికి నొక్కి, చిటికెనవేలితో కొసను వెనక్కి తోసింది. ఏనుగు లాగినా ఊడని గజముడి పూలదండలా విచ్చుకుని కింద పడింది.

ముప్ఫయ్యేళ్ళలో సూరమ్మ మరొకరి ముడి మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. అక్కడున్న పనివాళ్ళంతా తలలు వంచుకున్నారు.

ముడి ఊడగానే మోకు పైకి ఎగబాకబోయింది. సూరమ్మ దాన్ని మేకుకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంది. కంటకుడికి అనుమానం పూర్తిగా తీరలేదు.

“సరే, ముసలీ. ఆట ముగిసేదాకా ఈ మోకు నువ్వే పట్టుకుని ఇక్కడే నిలబడు. మళ్ళీ ముడి వేశావంటే నీ చేతులు నరుకుతాను. నేను నీ పక్కనే ఉంటాను” అన్నాడు.

“ఉండు దొరా, నాకూ తోడుంటది” అంది సూరమ్మ. తరువాత తల తిప్పకుండానే, “ఒరే కొండా, ఇయ్యాల ఎడమ మోకు నువ్వు చూసుకో. నా ముడి మీద చెయ్యేసినా తప్పు లేదు, నేను చెబుతున్నా” అంది.

జయంధరుడు ఎడమవైపు మేకు దగ్గరికి నడిచాడు. పల్లకీ కింది గొయ్యి కూడా ఆ పక్కనే ఉంది. కాని అతని మనసంతా కుడివైపే ఉండిపోయింది. కొండడు ఎవరో, ఎందుకొచ్చాడో విన్నాక డేరా అంతా కలిసి వేసుకున్న పథకం ప్రకారం, ఆట ముగియకముందే పనివాళ్ళంతా డేరా ఉత్తరపు పక్కగుడ్డ, అదే కనాతు, ఎత్తి జారిపోవాలి. ఇప్పుడు కంటకుడి కత్తి పక్కన నిలబడ్డ సూరమ్మ ఎలా జారిపోతుంది?

వేదిక మీద వీరప్ప గొంతు మోగింది. “మహాజనులారా! ఇప్పుడు మేఘమాల పల్లకీ! ఎక్కినవారు మబ్బుల్లో కలిసిపోతారు! ఎక్కే అదృష్టవంతులెవరు?”

వీరప్ప చూపు కువలయ మీద నిలిచింది. సభ గుసగుసలాడింది. ఘూకనేత్రుడు ఉంగరం వైపు చూసుకుని పెదవి విరిచాడు. “ఇందులో మంత్రం ఇసుమంతైనా లేదు. మంత్రం లేనిచోట ఎవరు మాయమవుతారు? వెళ్ళు పిల్లా, ఎక్కు. ఈ గారడీవాళ్ళ బండారం సభకు తెలిసిపోవాలి” అన్నాడు. అహంకారం అంటే అదీ!

కువలయ పల్లకీలో కూర్చుంది. జలతారు పరదాలు పడ్డాయి. మద్దెలలు జోరందుకున్నాయి. తెర వెనుక ఇరవై జతల చేతులు ఒక్క ఊపిరిగా పనిచేశాయి. పల్లకీ నేలపలక పక్కకు జరిగింది. కువలయ కిందికి జారింది. గోతిలో తోలు దుప్పటి పట్టుకుని నిలబడ్డ బండివాడు భీమన్న ఆమెను పువ్వులా అందుకున్నాడు. ఆ క్షణంలోనే ఆమెంత బరువున్న ఇసుకమూట పల్లకీ అడుగున ఉన్న అరలోకి జరిగింది. తాడు వణకలేదు, పల్లకీ ఊగలేదు. రవంత ఊగితే ఘూకనేత్రుడి కళ్ళు పట్టేసేవి. పల్లకీ నెమ్మదిగా, ఠీవిగా, కప్పు దాకా లేచింది.

గోతిలోకి దిగిన జయంధరుడు చెల్లెలి నోరు మూశాడు. ఆమె అతని అరచెయ్యి గట్టిగా కొరికింది.

“అబ్బా! కువ్వీ, నేనే!” అన్నాడు గుసగుసగా.

ఆ పేరుతో ఆమెను పిలిచేవాడు లోకంలో ఒక్కడే. కువలయ కళ్ళు విప్పార్చి, మసి పూసిన ఆ ముఖం చూసి, “అన్నయ్యా, నీ దగ్గర ఇంత ఆముదం కంపేమిటి?” అంది. అని, ఏడ్చేసింది.

“ఏడుపుకు సమయం లేదమ్మా రాకుమారీ” అన్నాడు భీమన్న. “నగారాలో కూకో.”

భీమన్న బండి మీద పెద్ద నగారా ఉంది. దాని అడుగు తొలగించి నిలబెట్టారు. లోపల ఒక మనిషి ముడుచుకుని కూర్చోవచ్చు. పొద్దుటినుంచీ భీమన్న ఇసుకకని, నీళ్ళకని ఎనిమిదిసార్లు కోట ఉత్తరపు దిడ్డివాకిలి దాటి వచ్చాడు. కావలివాళ్ళు నాలుగోసారికే విసిగిపోయి బండివైపు చూడడం మానేశారు. తొమ్మిదోసారి కోసమే ఆ ఎనిమిదిసార్లూ.

“వాకిలి దాటినాక నగారా మూడుసార్లు కొడతా. అది వినబడితే పిల్ల గట్టెక్కినట్టే” అని చెప్పి భీమన్న ఎడ్లను అదిలించాడు.

ఇటు వేదిక మీద పరదాలు తొలగాయి. పల్లకీ ఖాళీ! పూలవాన కురిసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఘూకనేత్రుడు ఉంగరం చూసుకున్నాడు. బూడిదరంగు. మొట్టమొదటిసారిగా అతని ముఖంలో భయం కనిపించింది.

“బాగుంది. ఇక పిల్లను రప్పించు” అన్నాడు.

“ప్రభూ, అమ్మగారు మబ్బుల్లో కొంచెం విహరించి...” అని వీరప్ప చేతులు కట్టుకున్నాడు.

“రప్పించు!”

వీరప్ప గొంతెత్తి మంగళం పాడడం మొదలుపెట్టాడు. ఆ మంగళానికి పదహారు చరణాలున్నాయి. ఆయన ప్రతి చరణాన్నీ రెండేసిసార్లు పాడాడు. నేను ఇందాక ఆయన్ని గురించి కొంచెం చులకనగా మాట్లాడాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాంత్రికుడు ఎదురుగా పళ్ళు నూరుతుంటే శ్రుతి తప్పకుండా పాడడం సామాన్యం కాదు. ఆ పాట చాటున ఆటగాళ్ళు ఒకరొకరే, పనివాళ్ళు ఒకరొకరే, ఉత్తరపు కనాతు కిందనుంచి జారిపోయారు.

తొమ్మిదో చరణం దగ్గర ఘూకనేత్రుడి ఓపిక నశించింది. “కంటకా! తెర వెనుక ఒక్కడిని కూడా ప్రాణాలతో వదలకు!” అని అరుస్తూ లేచాడు.

సరిగ్గా అప్పుడు, ఎడమ మేకు దగ్గరికి తిరిగి వచ్చిన జయంధరుడి మణికట్టు మీద నులకతాడు లాగింది. ఒకటి. రెండు. మూడు.

వదిలెయ్!

ఎడమ మోకు వదిలితే, కుడి మోకు సూరమ్మ వదిలితే, అంత డేరా కప్పూ, వెదురు వాసాలూ, ఇత్తడి నెమలీ అన్నీ కలిసి రాజు మీద, భటుల మీద, సూరమ్మ మీద కూడా పడతాయి. అది ఆమెకు తెలియదా? తెలిసే లాగింది. జయంధరుడికి ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. కాని సంజ్ఞ సంజ్ఞే. అతను ఎడమ మేకు మీది ఆమె ముడిని పట్టుకున్నాడు. అది ఒక్క లాగుకే ఊడి వచ్చేసింది. ఈ ముసలామె పొద్దున్నే, ఇవన్నీ జరగకముందే, దాన్ని అలా ఊడేలా కట్టి ఉంచింది!

పదహారు రంగుల ఆకాశం ఒక్కసారిగా నేలకు దిగింది. వాసాలు ఫెళఫెళ విరిగాయి. గవ్వల తోరణాలు జలజల రాలాయి. నాలుగు వందలమంది భటులు గుడ్డ కింద ఒకరినొకరు పొడుచుకుంటూ గగ్గోలు పెట్టారు. రాజుగారు ఎవరి కాళ్ళనో పట్టుకుని “నేను రాజునురా!” అని ఏడ్చారు.

జయంధరుడికి ఎదురుగా ఉత్తరపు కనాతు తెరిచి ఉంది, వీరప్ప కూడా అప్పటికే అటే దూకేశాడు. అవతల గుర్రం కట్టి ఉంది. నాలుగు అడుగులు వేస్తే చాలు.

“ఆ గజముడి వేసింది నేను. దాని పాపం ఆమెను చుట్టుకుంది. కట్టినవాడే విప్పాలి” అనుకున్నాడు. గిరుక్కున వెనుదిరిగి, కూలుతున్న గుడ్డ కిందికి దూకాడు.

లోపల దుమ్ము, అరుపులు, ఊపిరాడని ఉక్క. తన మణికట్టు మీది నులకతాడునే పట్టుకుని, దాని వెంట పాకసాగాడు. మీద ఎవరో తొక్కారు. ముంజేతికి ఒక కత్తి గీరుకుంది. తాడు వదల్లేదు. పాకి పాకి నడిమి స్తంభం మొదటికి చేరాడు. చేతికి ఒక మనిషి తగిలాడు. కండలు తిరిగిన మనిషి, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“మళ్ళీ ఇదే ముడా! మళ్ళీ ఇదేనా!” అంటున్నాడు కంటకుడు. గుడ్డ కింది చీకట్లో ఎవరో అతని రెండు చేతులనూ స్తంభానికి కట్టేశారు. జయంధరుడు తడిమి చూశాడు. గజముడి! మూడో మెలిక దగ్గర తన ముడి కన్నా బిగువుగా ఉంది.

“నువ్వెందుకొచ్చావురా సన్నాసీ?” అని పక్కనుంచి సూరమ్మ గొంతు వినిపించింది. “వదిలెయ్యమంటే తాడొకటే కాదు, నన్ను కూడా అనీ! మూడు నెలలు నేర్పింది బూడిదలో పోసినట్టయింది.”

“నేనెవరో నేను చెప్పకముందే నీకు తెలుసా అవ్వా?”

“మొదటిరోజే తెలుసు. నీ బొటనవేలికి అంకుశం పట్టిన కాయ ఉంది. తాళ్ళు లాగేవాడికి ఆ కాయ అక్కడ రాదు” అంది ఆమె. “నా కూతుర్ని దానికి పదహారేళ్ళప్పుడు ఈ కోటలోకే పట్టుకుపోయారు. డేరా వంతు వచ్చేదాకా నేను రాలేకపోయాను. నువ్వు మీ చెల్లి కోసం వచ్చావు. అందుకని ఉంచుకున్నా.”

జయంధరుడు ఆమె చేతులు పట్టుకున్నాడు. మోకు రాపిడికి ఆ రెండు అరచేతులూ రక్తమోడుతున్నాయి. అతను ఆ చేతులను కళ్ళకద్దుకున్నాడు.

భగ్గుమంది. వాళ్ళ తలల మీది గుడ్డ మధ్యలోంచి గుండ్రంగా కాలిపోయింది. ఆ కంతలోంచి పడమటి సూర్యుడి ఎర్రని వెలుగూ, దాని వెనక ఘూకనేత్రుడి ముఖమూ కనిపించాయి. అతని వేలి ఉంగరం ఆ రోజు మొట్టమొదటిసారిగా నిప్పులా ఎర్రబడింది, తన యజమాని మంత్రానికే.

“చెప్పు!” అని గర్జించాడు మాంత్రికుడు. “నా ఉంగరానికి అందకుండా ఆ పిల్లను మాయం చేసిన మంత్రం ఏది? చెబితే ప్రాణాలతో వదులుతాను.”

సూరమ్మ నెత్తురోడుతున్న రెండు అరచేతులనూ అతని ముఖానికి ఎదురుగా చాపింది.

“ఇదిగో, ఇదే” అంది.

ఘూకనేత్రుడికి అర్థం కాలేదు. ఆ అరచేతుల్లో అక్షరాల కోసం, యంత్రాల కోసం వెతికాడు. కోపంతో మంత్రదండం ఎత్తాడు. అప్పుడే, ఉత్తరంగా, కోట గోడల అవతలనుంచి, నగారా మోగింది. ఒకటి. రెండు. మూడు. లోపల కూర్చున్న రాకుమారి చెవులు ఏమైపోయాయో గాని, ఆ మోత విని జయంధరుడు పకపకా నవ్వాడు. దండం ఎత్తిన మాంత్రికుడి ముందు, ఇల్లు చేరిన పిల్లాడిలా నవ్వాడు.

దండం కొసన నీలిమంట లేచింది.

జయంధరుడి మణికట్టు మీద నులకతాడు కదిలింది. రెండు లాగుళ్ళు. సూరమ్మ అతని చేతిలోకి నేలమీది ఏదో మోకు కొసను తోసింది. అది ఏ మోకో, దాని అవతలి కొస దేనికి కట్టి ఉందో, లాగితే ఏది కూలుతుందో, ఏది లేస్తుందో అతనికి తెలియదు.

అడిగే ఆచారం లేదు కదా. రెండు కాళ్ళూ స్తంభానికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని, లాగాడు.